డీజిల్ మూతకు నల్లదారం

గవర్రాజుకి అనుమానం ఆకలి లాంటిది, పూటపూటకీ వేస్తుంది. చేపల బజారుకెళితే మొప్పలెత్తి చూసి, వేలు వాసన చూసుకుని, అంతటితో ఊరుకోక పక్క తట్టలో చేప మొప్పలు కూడా ఎత్తి పోల్చుకుంటాడు. అప్పటికి సగం బజారు అతన్ని తిడుతూ ఉంటుంది. బంకులో కారు దిగి మీటరు ముందు రెప్ప వాల్చకుండా నిలబడతాడు. మెకానిక్కు కొత్త పార్టు వేస్తే పాతది షెడ్డులో వదిలిపెట్టడు, కవర్లో చుట్టి డిక్కీలో పడేసుకుంటాడు. "ఆడు దాన్నే తుడిసి ఇంకోడికి ఎయ్యడని గేరంటీ ఏటి?" అంటాడు. ఆ డిక్కీ తెరిస్తే పాతసామాన్ల కొట్టు తెరిచినట్టే. మహానుభావుడు!

అలాగని చెడ్డవాడేం కాదు. పద్మనాభం దగ్గర పొలం పనులు మానుకుని వచ్చి, కంచరపాలెంలో ఉంటూ, ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనుక్కుని పగలంతా పోర్టు ఆఫీసర్లను తిప్పుతాడు. వాళ్ల అక్క పైడితల్లి రైలుకట్ట అవతలి వీధిలోనే ఉంటుంది. ఆమె మొగుడు నీలకంఠం స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడు. వానాకాలం చివర్లో ఆ పని పోయి ఇంట్లో కూర్చుంటే, గవర్రాజే వెళ్లి కారు తాళం చేతిలో పెట్టాడు.

"సాయంత్రం నించి బండి నీది బావ. స్టేషను కిరాయిలు, ఆదివారం అరకు కిరాయిలు నువ్వు సూసుకో. డీజిలు మాత్రం నానే కొట్టిత్తాను."

ఆ తాళంతోనే అక్క ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగింది. పైడితల్లి ఆ రోజు తమ్ముడి గడ్డం పట్టుకుని ఏడ్చింది కూడా.

అంతా బాగానే ఉందనుకుంటే, చలి మొదలయ్యాక డీజిల్ ముల్లు తొందరగా పడిపోవడం మొదలెట్టింది. ఎండాకాలంలో ఇలా లేదు. అప్పుడు బావ లేడు, ఇప్పుడు ఉన్నాడు. గవర్రాజుకి లెక్క కుదిరిపోయింది. మర్నాటి నుంచి బండి అప్పగించే ముందు డీజిల్ మూత చుట్టూ నల్ల మిషను దారం కట్టి, సన్నగా ముడి వేసేవాడు. తెల్లారి లేవగానే, మొహమైనా కడుక్కోకుండా, వంగి ఆ ముడి చూసుకునేవాడు. ముడి అలాగే ఉండేది. డీజిల్ మాత్రం తగ్గి ఉండేది. ఇంకొకడైతే అక్కడితో తన బుద్ధికి తాను సిగ్గుపడేవాడు. గవర్రాజు మాత్రం "దారం కదపకుండా తీత్తన్నాడంటే ఎంత ఆరితేరిపోనాడో!" అనుకున్నాడు. ఇలాంటివాడితో ఎవరు వేగుతారు చెప్పండి!

ఒక సోమవారం రాత్రి అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. ముందురోజే నీలకంఠం అరకు వెళ్లొచ్చాడు.

"ఒరే గవర్రాజు, హీటరు బాగు సేయించాలిరా. ఘాటీలో కిరాయికొచ్చినోళ్ల పిల్లలు ఒణికిపోనారు. ఎంతసేపు ఏసినా సల్లగాలే వత్తంది" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

విశాఖపట్నంలో కారు హీటరు వేసిన పాపాన ఎవరు పోయారు గనక! ఉక్కపోతకి చచ్చే ఊళ్లో దాని మీట ఎక్కడుందో కూడా గవర్రాజుకి సరిగ్గా తెలియదు. బావ మాట అతనికి అచ్చంగా సాకులాగే వినిపించింది.

"హీటరు సంగతి తరవాత బావ. ముందు డీజిలు సంగతి సెప్పు. ఎక్కడ దించుతన్నావ్?"

పైడితల్లి చేతిలో పులుసు గరిటె అలాగే ఆగిపోయింది. "ఏటన్నావురా?" అంది.

నీలకంఠం జేబులోంచి తాళం తీసి గవర్రాజు కంచం పక్కన పెట్టాడు. కలిపిన అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. "నీ బండి నువ్వు తిప్పుకోరా" అని బయటికి వెళ్లిపోయాడు. అక్క తమ్ముణ్ని ఇంకో ముద్ద తినమనలేదు.

దొంగ దొరికాడని గవర్రాజు ఒక రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఆ తర్వాతే అసలు చిక్కు వచ్చిపడింది. బండి ఎవరికీ ఇవ్వడం లేదు, పొద్దుటా సాయంత్రం తనే తిప్పుతున్నాడు, అయినా డీజిల్ తగ్గుతూనే ఉంది. పైగా బావ ఉన్నప్పటికంటే ఇప్పుడు ఇంకా ఎక్కువ తాగుతోంది! బంకువాణ్ని అనుమానించాడు, బంకు మార్చాడు. ఇంటి ముందు ఆగే ఆటోవాళ్లను అనుమానించాడు. అనుమానించడానికి మనుషులు అయిపోయాక, ముఖం వేలాడేసుకుని ఉదయ్‌కుమార్ షెడ్డుకెళ్లాడు. ఉదయ్‌కుమార్ ఆ వీధి మెకానిక్కు, నవ్వుతూ మాట్లాడే మనిషి.

డీజిల్ గోలంతా విని, "ఇంజిను వేడి సూపించే ముల్లు ఎందాకా లెగుతాదన్నా?" అని అడిగాడు.

గవర్రాజు ఛాతీ పొంగింది. "నా బండి ముల్లు లెగనే లెగదు. సింహాచలం కొండెక్కినా అడుగునే. అంత సల్లటి బండి!"

"అదే దాని జొరం. రాత్రంతా బండి ఇక్కడ వదిలీసి రేప్పొద్దున్న రా."

వదిలీసి! గవర్రాజు బండి వదిలాడు గానీ, డీజిల్ మూతకి దారం కట్టే వదిలాడు.

మర్నాడు చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పైన ఉండే లావు పైపు మీద అతని చేత చెయ్యి వేయించాడు ఉదయ్‌కుమార్. పైపు మొదటినుంచీ గోరువెచ్చగా అవుతూ వచ్చింది.

"సూసావా? ఇంజిను బాగా వేడెక్కీదాకా ఈ పైపు సల్లగా ఉండాల, అప్పుడు ఒక్కసారి కాలాల. ఆ నీళ్లని అందాకా ఆపీది థర్మోస్టాట్. అది ఆపడం నేదు. అందుకే ఇంజిను వేడెక్కదు, హీటరు రాదు. సలికి ఒణికే ఇంజిను డీజిలు ఎక్కువ తాగుతాది."

హీటరు మాట వినగానే గవర్రాజుకి బావ మాట గుర్తొచ్చింది. అయినా ఊరుకోలేదు. "కొత్త పార్టు అంటగట్టడానికి సెప్తన్నావా?" అన్నాడు.

ఉదయ్‌కుమార్ నీళ్లు దింపి, బోల్టులు విప్పి, థర్మోస్టాట్ ఉండేచోట మూత ఎత్తి చూపించాడు. లోపల ఏమీ లేదు.

"ఇది పాడవడం కాదన్నా. ఎవులో పీకీసారు."

"బావే! పీకి అమ్ముకున్నాడు!"

"దాన్ని అమ్మితే టీ కూడా రాదు. ఈ బండి ఎప్పుడైనా పొగలు కక్కిందేటి?"

గవర్రాజుకి అప్పుడు గుర్తొచ్చింది. మొన్న ఎండాకాలం ఆనందపురం జంక్షన్‌లో బండి పొగలు కక్కి ఆగిపోయింది. థర్మోస్టాట్ మూసుకుపోయింది, కొత్తది వెయ్యాలి అన్నాడు అక్కడి మెకానిక్కు. వాడు దోచుకుంటున్నాడని గవర్రాజుకి అనుమానం. "మన ఎండలకి ఇదెందుకు, పీకీ!" అని పక్కన నిలబడి మరీ పీకించాడు. పీకించి ఏం చేశాడు? వాడు ఇంకొకడికి వేసేస్తాడని పాతది అడిగి తెచ్చుకున్నాడు.

డిక్కీ తెరిచాడు. అడుగున, పాత బ్రేకు ముక్కల కింద, నీలం కవరు ఉంది. విప్పి చూస్తే థర్మోస్టాట్. తన చేత్తో వేసిన ముడే దానికి.

ఛీ, ఏం బతుకు నాది అనిపించింది. షెడ్డు ముందు కాలవగట్టు మీదే కూలబడిపోయాడు.

కొత్త థర్మోస్టాట్ తెచ్చాక, ఉదయ్‌కుమారే దాన్ని టీకొట్టుకు తీసుకెళ్లి మరుగుతున్న నీళ్లలో వేశాడు. "నీకు అనుమానం కదా, కళ్లారా సూడు" అన్నాడు. వేడికి అది మెల్లగా తెరుచుకుంది, తీసి చల్లారిస్తే మూసుకుంది. గవర్రాజు చూడనైనా లేదు. "బిగించీ బాబు" అన్నాడు.

సాయంత్రం బండి తీస్తే ముల్లు సగం దాకా లేచి నిలబడింది. హీటరు వేస్తే మొహం మీద వేడిగాలి కొట్టింది. చెమటలు కారుతున్నా ఆపకుండా అక్క ఇంటిదాకా అలాగే వెళ్లాడు.

నీలకంఠం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గవర్రాజు ఎదురుగా నిలబడి అంతా చెప్పేశాడు, ఆనందపురం, నీలం కవరు, అన్నీ. "తప్పయిపోనాది బావ. బండి తీసుకెల్లు" అని తాళం చాపాడు.

లోపల్నుంచి పైడితల్లి వచ్చింది. చేతిలో నల్ల దారం రీలు. దాన్ని తమ్ముడి కాళ్ల దగ్గర పడేసింది.

"డీజిలు తగ్గిపోతంది, గవర్రాజు నన్ను దొంగనుకుంటాడే అని ఈయన తన కిరాయి డబ్బులెట్టి పోయించీవోడు. పోయించాక నీ ముడి నీలాగే మళ్లీ కట్టీవోడు. ముడి తెగి కనిపిత్తే నీ మనసు కష్టపడతాదని."

మూత తీసే ఉన్నాడు బావ. గవర్రాజు అనుమానం నిజమే. తీసింది పొయ్యడానికి.

నీలకంఠం లేచి తాళం తీసుకున్నాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి, తీసుకోక ఏం చేస్తాడు? బండి దగ్గరికి నడిచి, డీజిల్ మూత తలుపు తెరిచి పక్కకి నిలబడ్డాడు.

"దారం కట్టి ఇయ్యిరా. రేపు తగ్గితే నాకో సాచ్చికం ఉండాల కదా."

"ఒద్దు బావ."

"కట్టు."

గవర్రాజు రీలు తీసుకుని వంగాడు. రోజూ అలవాటుగా వేసే ముడి, ఎంతసేపటికీ పడలేదు.