వాదన ఆగిపోయిన పూట

మొన్న ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే, ఎదురు సీట్లో ఇద్దరు పెద్దమనుషులు పప్పుచారులో బెల్లం వేయాలా వద్దా అని పోట్లాడుకుంటున్నారు. చైతన్యపురిలో దిగాల్సినదాన్ని, తీర్పు ఏమవుతుందో విందామని దిల్‌సుఖ్‌నగర్ దాకా కూర్చుండిపోయాను. తీర్పు రాలేదనుకోండి. అయినా అలా నోరారా పోట్లాడుకునేవాళ్ళను చూస్తే నాకు హాయిగా ఉంటుంది. నర్సుగా పనిచేసినదాన్ని కదా, నోరు బాగా ఆడుతోందంటే మనిషి బాగున్నట్టే. ఆ సంగతి నాకు నేర్పినవాళ్ళు కూడా ఇలాంటి ఇద్దరే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక చిన్న ఆసుపత్రిలో నాది పగటి డ్యూటీ. మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన ఒక తాతది. బతుకంతా లారీ నడిపినవాడు, సుగరు వల్ల కాలి పుండు మానక చేరాడు. లారీ ఎప్పుడో అమ్మేసినా హారన్ మాత్రం గొంతులో మిగుల్చుకున్నాడు. ఆ పక్క మంచం లెక్కల మాస్టారిది. గుంటూరు వైపు నుంచి వచ్చి చంపాపేట్‌లో స్థిరపడ్డ మనిషి, స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఇద్దరి మంచాల మధ్య మందులు పెట్టుకునే చిన్న బల్ల ఒకటి ఉండేది. ఆ రోజుల్లో రాష్ట్ర సరిహద్దు అదే.

"ఏంది పంతులూ, మా నీళ్ళు మాకియ్యమంటె నీకెందుకు నొప్పి?" అని పొద్దున్నే తాత మొదలుపెట్టేవాడు. "నొప్పి నా కాలికయ్యా, నీ నీళ్ళకి కాదు" అనేవారు మాస్టారు. ఇక మధ్యాహ్నం భోజనాల దాకా వార్డులో ఎవరికీ కునుకు పట్టేది కాదు. మాదీ నల్లగొండ వైపే కాబట్టి తాత మాటిమాటికీ నన్ను సాక్ష్యానికి పిలిచేవాడు. నేను ఆయన నోట్లో థర్మామీటరు పెట్టేదాన్ని. నిజం చెప్పాలంటే వాళ్ళ తగవు నాకు పనికొచ్చేది కూడా. పుండు కడిగేటప్పుడు మాస్టారికి కన్ను గీటితే చాలు, ఆయన హైదరాబాద్ గురించి ఒక మాట విసిరేవారు. తాత ఆ కోపంలో నొప్పి సంగతే మరిచిపోయేవాడు.

ఒకనాడు బంద్. బస్సుల్లేవు, దుకాణాలు మూశారు. టిఫిన్లు అయిన కొంతసేపటికి ట్రాలీ తోసుకుంటూ వార్డులోకి వెళ్తే ఏదో వెలితిగా అనిపించింది. కింద రోడ్డు మీద ఊరేగింపు డప్పులు మోగుతున్నాయి. డప్పు వినబడితే మంచం మీదే భుజాలాడించే తాత, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భార్యను మేమంతా పెద్దమ్మా అనేవాళ్ళం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "రాత్రంత దోమలు, ఇప్పుడే కన్నంటింది బిడ్డా. జర పండనియ్యి" అంది. నిద్రపోతున్న రోగిని లేపడం ఎవరికిష్టం? వెనక్కి తిరగబోతుంటే మాస్టారు పేపరు దించి, "అమ్మాయ్, ఈయన ఇవాళ నన్ను ఒక్క మాటా అనలేదు" అన్నారు. అన్నది ఫిర్యాదులాగే, ముఖంలో మాత్రం బెంగ.

తాత నుదుటి మీద చెయ్యి వేశాను. ఫ్యాను కింద ఉన్నా చల్లటి చెమట. భుజం తట్టి పిలిస్తే కళ్ళు సగం తెరిచి ఏదో గొణిగాడు.

"పెద్దమ్మా, తాత పొద్దున తిన్నడా?"

"తిన్నడు బిడ్డా. పళ్ళెం నేనే కడిగిన."

టిఫిన్ ముందు పెట్టాకే ఇన్సులిన్ సూది వేయడం మా పద్ధతి, ఆ పూటా అలాగే వేశాం. మరి ఈ చెమటేమిటి? అప్పుడు మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఆ ఇడ్లీలు నేను తిన్నానమ్మా. ఉద్యమం కోసం ఇవాళ ఉపవాసం అన్నాడు. ఆవిడకి తెలిస్తే ఊరుకోదని పళ్ళెం నాకిచ్చాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

పెద్దమ్మ పరుగున చక్కెర నీళ్ళు కలిపి తాత నోట్లో పోయబోయింది. "వద్దు పెద్దమ్మా! మింగే సోయి లేదు, ఊపిరితిత్తులల్లకు పోతయి" అని ఆపాను. వేలు పొడిచి చూస్తే సుగరు బాగా పడిపోయి ఉంది. డాక్టరుగారు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కారు వదిలేసి నడిచి వస్తున్నారు. ఫోన్ చేస్తే మాట పూర్తికాకముందే, "నరంలోకి గ్లూకోజ్ ఇచ్చెయ్, పక్కనుంచి కదలకు" అన్నారు. వేరే మందుల కోసం చేతికి పెట్టిన గొట్టం ఉండనే ఉంది. సీసా మీది పేరు ఒకటికి రెండుసార్లు చదువుకుని మెల్లగా ఎక్కించాను. మాస్టారు కట్టుకాలితోనే మంచం దిగబోతుంటే, "మీరు కూడ పడితే నాతోని కాదు సార్" అని కసిరాను కూడా.

కాసేపటికి తాత కళ్ళు తెరిచాడు. పెద్దమ్మను చూశాడు, నన్ను చూశాడు, చివరికి చూపు మాస్టారి దగ్గర ఆగింది.

"ఏంది పంతులూ, గట్ల ఏడుపు మొఖం పెట్టినవ్? రాష్ట్రం ఇచ్చిన్రా ఏంది?"

వార్డంతా గొల్లుమంది. పెద్దమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, అందుకుంది: "సూది ఏసుకొని ఉపాసమా? నీ తెలంగాణ వచ్చేనాటికి నువ్వుండాల్నా వద్దా?" "ఈ ఒక్క విషయంలో నేను పెద్దమ్మగారి పార్టీ" అన్నారు మాస్టారు.

డాక్టరుగారు దుమ్ముకొట్టుకుపోయి వచ్చేసరికి తాత పెరుగన్నం తింటున్నాడు. సుగరు మళ్ళీ పడిపోవచ్చని సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాం. ఎలా పట్టుకున్నావని డాక్టరుగారు అడిగితే, "తాత తిట్టలేదని మాస్టారు కంప్లైంట్ ఇచ్చారు సార్" అన్నాను. అప్పటినుంచి మా వార్డులో కొత్త అలవాటు వచ్చింది. సూది వేసుకున్నవాళ్ళు మా కళ్ళ ముందే తినాలి, రోగి ఎలా ఉన్నాడో పక్క మంచం వాళ్ళనూ అడగాలి. మర్నాటి నుంచి మాస్టారు ఇంకో అడుగు ముందుకేశారు. తాత ఆఖరి ముక్క మింగేదాకా వాదనకు దిగేవారు కాదు. "ముందు తిను, తర్వాత తిట్టు" అనేవారు.

రాష్ట్రం వచ్చినప్పుడు తాత మిఠాయి డబ్బా పట్టుకుని చంపాపేట్ వెళ్ళాడట. మాస్టారు డబ్బా అందుకుని, ఇంటిల్లిపాదికీ పంచి, తాతకు మాత్రం ఒక ముక్క కూడా దక్కనివ్వలేదని పెద్దమ్మ మురిసిపోతూ చెప్పింది. ఆ వార్డులో ఎవరు ఏమన్నారో, ఎవరిది పైచేయి అయిందో కాలం నా దగ్గరనుంచి ఎప్పుడో తీసుకుపోయింది. ఒకరి నోరు మూగబోతే రెండోవారు పడ్డ కంగారును మాత్రం, ఎందుకో, అది ముట్టుకోలేదు.