మామ విమానం, పన్నెండో ఊదుబత్తి

ఆశ్వయుజ శుద్ధ నవమి, గురువారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. నా చేతి గడియారం నిమిషం కూడా తప్పు చూపించేది కాదు, ఎందుకంటే ఆ రోజుల్లో నేను ఒక గడియారాల ఫ్యాక్టరీలో స్క్రూలు లెక్కపెట్టే ఉద్యోగంలో ఉండేదాన్ని. నాకు ఇరవై రెండేళ్ళు నిండి నాలుగు నెలలు. ఆ రోజుల్లో బెంగళూరులో ఎవరి వస్తువును వాళ్ళే బాగుచేసుకునేవాళ్ళు. సైకిలు పంక్చరైతే ఇంటాయనే బేసిన్లో నీళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. రేడియో గొంతు పోతే వెనక అట్ట ఊడదీసి లోపలికి ఊదేవాడు. కుట్టుమిషను మొరాయిస్తే మా అమ్మ రెండు చుక్కల నూనె పోసి నాలుగు తిట్లు తిట్టేది, అది నడిచేది. (ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్టుమెంటులో బల్బు మార్చడానికి ఫోనులో మనిషిని పిలుస్తారు. ఆ మనిషి వచ్చి బల్బును చూసి, ఫోనులో ఇంకో మనిషిని పిలుస్తాడు.) కాబట్టి మా మేనమామ తన విమానాన్ని తనే బాగుచేసుకుంటానని అన్నప్పుడు ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. వింతల్లా మా ఇంట్లో విమానం ఉండటమే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా పై ఫ్లాటు అమ్మాయి పోయిన మంగళవారం సాయంత్రం ఆరుంపావుకు మా ఇంటికొచ్చి, తనూ ముగ్గురు స్నేహితులూ కలిసి ఒక పాతకాలపు చిన్న విమానం కొన్నామని చెప్పింది. ఎలక్ట్రానిక్ సిటీలో పెద్ద ఉద్యోగం ఆ పిల్లకి. "సర్వీసంతా మేమే చేసుకుంటాం ఆంటీ, అన్నిటికీ వీడియోలున్నాయి. మన బండిని మనకంటే ప్రేమగా ఎవరు చూసుకుంటారు?" అంది. నేను కాఫీ కలుపుతున్నదాన్ని స్పూను ఆపేశాను. అచ్చం అదే మాట, అదే ధీమాతో, ఒకసారి విని ఉన్నాను.

మా మామది కె.ఆర్.పురంలో పిండిమర. ఊళ్ళో ఆయన్ని అందరూ పిండిమర మామ అనే పిలిచేవాళ్ళు, పోలీసులతో సహా. పిండిమర బెల్టు తెగినా, రాళ్ళు అరిగినా, మోటారు కాలినా ఆయన ఎవరినీ పిలవలేదు. ఊరికి ఉత్తరాన ఒక ఫ్లయింగ్ క్లబ్బు మూతపడి, సామాను వేలం వేస్తుంటే, కుర్చీలు కొందామని వెళ్ళి విమానం కొనుక్కొచ్చాడు. రెండు సీట్లు, ఒకదాని వెనక ఒకటి, పైన కప్పు లేదు. రెక్కలు కొయ్య చట్రానికి గుడ్డ చుట్టినవి. ముందు కొయ్య పంఖా. దాన్ని చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. మామ పట్టుదలగా రెండేళ్ళు నేర్చుకుని నడిపే లైసెన్సు తెచ్చుకున్నాడు. నడపడానికి లైసెన్సు దొరికింది గానీ బాగుచేయడానికి దొరకలేదు. దానికి వేరే చదువు, వేరే లైసెన్సు ఉన్న ఇంజనీరు ఉండాలి, విమానానికుండే పుస్తకంలో ఆయన సంతకం పెడితేనే అది లేవాలి. మామ విమానాన్ని ఉంచిన ఆ పాత క్లబ్బు మైదానంలో అలాంటి ఇంజనీరు ఒక్కరే. మేము ఆయనకు సంతకం సార్ అని పేరు పెట్టుకున్నాం. మనిషి మంచివాడే, పెన్ను మాత్రం జేబులోంచి తీసేవాడు కాదు.

"పిండిమర నేల మీద ఉంటుందప్పా," అనేవారు సంతకం సార్. "అది నిలిచిపోతే జనం రొట్టెలు లేకుండా పడుకుంటారు. ఇది నిలిచిపోతే?"

"నా పానం దాంట్లోనే ఉంటాది గదా సార్. నాకంటే శ్రద్ధగా యావడు చూస్తాడు?" అనేవాడు మామ.

చివరికి సార్ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆరు నెలలు మామ తన చేతులతోనే పని చేసుకోవచ్చు, విప్పిన ప్రతి నట్టూ పుస్తకంలో రాయాలి, ఎగిరే ముందు సార్‌కి చూపించాలి. ఆరు నెలల్లో ఒక్క తప్పు లేకపోతే ఇక ఎప్పటికీ మామ పనిని చూసి సార్ సంతకం పెడతారు. ఒక్క తప్పు దొరికితే మామ ఆ విమానం మీద మళ్ళీ స్పానర్ పెట్టకూడదు. మామకు అక్షరాలంటే బద్ధకం, అందుకని ఆదివారాల్లో పుస్తకం రాయడానికి నన్ను తీసుకెళ్ళేవాడు. నేను విప్పినవి ఎన్నో, బిగించినవి ఎన్నో రెండు గీతల మధ్య రాసేదాన్ని. ఆరు నెలల్లో విప్పినవి మూడు వందల పన్నెండు, బిగించినవి మూడు వందల పన్నెండు. సార్ ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, "ఈ అమ్మాయి లెక్క మీద కళ్ళు మూసుకుని ఎగరొచ్చు" అన్నారు. ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు. గడువు ఆదివారంతో ముగుస్తుంది. అంతకు ముందు గురువారం ఆయుధపూజ.

బెంగళూరులో ఆయుధపూజ అంటే చక్రమున్న ప్రతిదానికీ బొట్టు పడాల్సిందే. మా అత్త రెండు అరటి పిలకలు, బంతిపూల దండలు, బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయలు వ్యానులో వేసుకుని తయారైంది. ముందు చక్రాలు రెండు, తోక కింద చిన్నది ఒకటి, అందుకని నిమ్మకాయలు మూడే చాలని నేను లెక్క చెప్పాను. "మూడు బేసి, ఎగిరేదానికి మంచిది కాదు" అని అత్త. "తోక చక్రానికి సగం వేద్దాం" అని నేను. చివరికి మూడే పెట్టాం. మామ రెక్కల మీద విభూతి పట్టెలు దిద్దాడు, ఇంజనుకు పసుపు పూశాడు. పన్నెండు ఊదుబత్తులు వెలిగించి గుచ్చే పని నాది. అరటిపండులో రెండు గుచ్చాను. మిగిలినవి ఎక్కడ గుచ్చను? విమానం షెడ్డు నేల సిమెంటు. అత్త హారతి పళ్ళెం పట్టుకుని, "దొరికిన సందులో పెట్టమ్మే, కర్పూరం కొండెక్కుతా ఉండాది!" అని తొందర. తలుపు కమ్మీలో నాలుగు, స్పానర్ల పెట్టె తాళం చెవి బొక్కలో ఒకటి, ఇలా పెట్టుకుంటూ వచ్చాను. పన్నెండోది ఎడమ రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చిన సన్నని గొట్టంలో పెట్టాను. ఎంత చక్కగా ఇమిడిందంటే, ఆ గొట్టాన్ని తయారుచేసినవాడు ఊదుబత్తికే చేసి ఉంటాడనిపించింది. గాలి ఆ గొట్టంలోకి దూరితేనే లోపల వేగం చెప్పే ముల్లు కదులుతుందని నాకు తెలియదు. ఆరు నెలలు ఆ విమానం చుట్టూ తిరిగి కూడా అడగలేదు. లెక్కపెట్టేవాళ్ళకి అదొక జబ్బు. ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలు, ఎందుకున్నాయో అక్కర్లేదు.

పూజయ్యాక పుల్లలు ఏరాను. పదకొండు దొరికాయి. అక్కడే నిలబడి నా చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను: "వెలిగించినవి పన్నెండు. ఏరినవి పదకొండు. ఒకటి గాలికి పోయింది." స్క్రూ అయితే మైదానమంతా జల్లెడ పట్టేదాన్ని. ఊదుబత్తే కదా.

మర్నాడు విజయదశమి. మామ విమానాన్ని ఎగరకుండా నేల మీదే ఒక పరుగు తీశాడు. ముల్లు సున్నా మీదే కూర్చుంది. సార్ పండక్కి మైసూరు వెళ్ళారు, ఆదివారం గానీ రారు. మామ ముఖం పాలిపోయింది గానీ, నిజం చెప్పాలంటే, కళ్ళల్లో దీపాలు వెలిగాయి. సొంతంగా బాగుచేయడానికి ఇంత పెద్ద రోగం ఆయనకు ఎప్పుడూ దొరకలేదు. శుక్రవారం మధ్యాహ్నం, శనివారం పొద్దంతా, ముందున్న మీటర్ల బోర్డు మొత్తం విప్పేశాడు. నేను నలభై ఏడు స్క్రూలు కాయితాల మీద వరసగా పెట్టి నంబర్లు వేశాను. మీటరు విప్పి ఊదాడు, నోటితో పీల్చాడు, ముల్లు కదిలింది. "ఇది బాగుండాది!" అన్నాడు. దాని వెనక రబ్బరు పైపు మార్చాడు. మళ్ళీ బిగించాడు. నలభై ఏడూ లోపలికి వెళ్ళాయి. అలాంటి పనిని నేను మళ్ళీ చూడలేదు, ఫ్యాక్టరీలో కూడా. అన్నీ బాగుచేశాడు, చెడిపోయిన ఒక్కదాన్ని తప్ప.

ఆదివారం ఉదయం పదింటికి సార్ వచ్చారు. బోర్డు వెనక టార్చి వేసి ప్రతి స్క్రూ చూశారు. "పని బాగుంది" అన్నారు. ఆ రెండు మాటలకు మామ రెండంగుళాలు పెరిగాడు. "రెక్క కింద గొట్టం చూసినావా?"

"నేనే గుడ్డతో పసుపు తుడిచినా సార్, తళతళ మెరుస్తాండాది."

నేను ముందు సీట్లో, మామ వెనక సీట్లో. ముల్లు ఇద్దరి ముందూ ఉంటుంది, అందుకని నన్నూ చూడమన్నాడు. నేల మీద పరుగు మొదలైంది.

"ఏమ్మే, కదిలిందా?"

"లేదు మామా, సున్నా!"

"ఇప్పుడు?"

"సున్నా!"

"గాజు మీద తట్టు!" తట్టాను. ఆయనా వెనక తడుతున్నాడు. ఇద్దరం తలలు వంచుకుని, నిద్రలేవని పిల్లాణ్ణి లేపినట్టు తడుతున్నాం. "ఇప్పుడు?"

"మామా, రాగిచేను!"

విమానం ఎడమకు తిరిగి, మైదానం దాటి, పక్కనున్న రాగిచేనులోకి దూసుకెళ్ళి, ముక్కు నేలకు పొడిచి, తోక ఆకాశానికి లేపి నిలబడింది. పంఖా రెండు ముక్కలైంది. మాకు ఏమీ కాలేదు. నేను బెల్టుకు వేలాడుతూ టైము చూసుకున్నాను, పదీ ఇరవై రెండు. చేను గలావిడ కొడవలి పట్టుకుని వచ్చింది. మామను కిందినుంచి పైదాకా చూసి, "ఏం స్వామీ, కోతకొచ్చిన చేను దున్నుతా ఉండారే, ఎద్దులు దొరకలేదా?" అంది.

సార్ పరుగెత్తుకుంటూ వచ్చారు. మేం బాగానే ఉన్నామని చూసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా రెక్క కిందికి వంగారు. గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూశారు. "అమ్మా, ఒక పిన్ను ఇయ్యి" అన్నారు. తలలోంచి తీసి ఇచ్చాను. దాంతో గొట్టంలోంచి నల్లటి వెదురు పుల్ల లాగారు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "మల్లె," అన్నారు. "ఎవరప్పా దీన్ని ఇందులో గుచ్చింది?"

నేను సెకన్లు లెక్కపెట్టే మనిషిని కాబట్టి చెప్పగలను, పదకొండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. నేనే అని చెబితే, తప్పు మామది కాదని తేలిపోతుంది, ఆయన ఆరు నెలల పరీక్ష నెగ్గినట్టే. అదంతా నాకు అర్థమైంది. అయినా నోరు రాలేదు. "ఈ అమ్మాయి లెక్క మీద కళ్ళు మూసుకుని ఎగరొచ్చు" అన్న మనిషి ఎదురుగా, చేతిలో ఆ పుల్లతో నిలబడి ఉన్నాడు. పన్నెండో సెకనుకు మామ అన్నాడు: "నేనే సార్. పూజ దినం. మతి లేకపాయ."

సార్ ఆ పుల్లను కింద పారేశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీశారు, అంతకాలం మేం ఎదురుచూసిన పెన్నే, పుస్తకంలో రాశారు: కడగడం, టైర్లకు గాలి కొట్టడం తప్ప ఓనరు ఈ విమానం మీద ఏ పనీ చేయరాదు. కింద సంతకం పెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు పిండిమర వ్యానులో నేను ఏడుపు ఆపుకోలేక నోటుబుక్కు తీసి ఆ పేజీ మామకు చూపించాను. ఆయన బండి పక్కకు ఆపి, వేలు పెట్టి చదివాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"పదకొండని సరిగానే రాసినావు గదమ్మే! గాలి అన్నావు చూడు, అదొక్కటే తప్పు."

"సార్‌కి చెబుతాను మామా. రేపే వెళ్ళి చెబుతాను."

"ఊరుకో. నేను తెలివితక్కువోణ్ణంటే నా చేతులు కట్టేస్తారు, అంతే. నీ లెక్క తప్పిందంటే ఆర్నెల్ల పుస్తకం చిత్తు కాయితం. ఒక్కో నట్టూ మళ్ళీ విప్పి చూడాలంటారు, విమానం ఏడాది లేవదు. యాది మేలు?" అని బండి స్టార్ట్ చేశాడు. గేరు మారుస్తూ, "మీ అత్తకు మాత్రం చెప్పొద్దు. మూడు నిమ్మకాయల వల్లే అంటాది" అన్నాడు.

పంఖా మార్చాక విమానం మళ్ళీ ఎగిరింది. తొమ్మిదేళ్ళు, మామ దాన్ని అమ్మేదాకా ఎగిరింది. పని మాత్రం సార్ మనుషులే చేసేవాళ్ళు. మామ ప్రతి ఆదివారం వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ళ పక్కనే నిలబడేవాడు. ఏ సైజు స్పానర్ కావాలో వాళ్ళు అడగకముందే చెప్పేవాడు. నేను పక్కన పుస్తకం రాసేదాన్ని, ఒక్క నట్టు తేడా లేకుండా.

పై ఫ్లాటు అమ్మాయి ఇదంతా విని, కాఫీ చల్లారిపోయాక, "అయితే ఓనరు చేసుకోవచ్చా వద్దా ఆంటీ, ఒక్క మాటలో చెప్పండి" అంది. చేసుకోవచ్చు అన్నాను. మా మామ చేతులకంటే మంచి చేతుల్ని నేను చూడలేదు. కానీ స్పానరుతో ముట్టినవాళ్ళనే కాదు, ప్రేమతో ముట్టినవాళ్ళనీ లెక్కలో రాసుకోవాలి, వాళ్ళు మరీ ప్రమాదం. "అయితే మీరే రండి, లెక్క రాయడానికి!" అంది. వద్దమ్మా, ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటే గానీ బియ్యంలో రాయి కనబడదని చెప్పి పంపేశాను. పంపేశాక నోటుబుక్కూ పెన్నూ తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను, ఊరికే.

పోయినవి ఇవి. కొయ్య పంఖా ఒకటి. కోతకొచ్చిన రాగిచేను, నలభై రెండు గజాల పొడవు, ఎనిమిది గజాల వెడల్పు. తలపిన్ను ఒకటి (సార్ తిరిగివ్వలేదు, నేను అడగలేదు). మామ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ ఆదివారాలు, ఏడాదికి యాభై రెండు చొప్పున తొమ్మిదేళ్ళకు నాలుగు వందల అరవై ఎనిమిది. వాన పడి వెళ్ళనివి అందులోంచి తీసేయాలి. అవి ఎన్నో నేను రాసుకోలేదు.