సేవ అన్న మాట కొట్టేసిన రాజ్యలక్ష్మి గారు

మొన్న మంగళవారం సాయంత్రం గ్రంథాలయంలో ఉండగా జేబులో ఫోను వణికింది. తెలియని నంబరు. మెట్ల మీదికి వచ్చి ఎత్తాను. "అంకుల్, మీరు రాజ్యలక్ష్మి ఆంటీకి తెలిసినవాళ్ళేనా? మేము ఆంటీ క్లాస్‌మేట్స్" అని ఒక అమ్మాయి గొంతు. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. పక్కనున్న అబ్బాయి ఫోను తీసుకుని మిగతాది చెప్పాడు. పొద్దున కాలేజీకి బయలుదేరుతూ ఆవిడ తన గది గుమ్మంలోనే కుప్పకూలిపోయారు. కింది వాటావాళ్ళు దవాఖానకు చేర్చేలోపే గుండె ఆగిపోయింది.

తిరిగి లోపలికి వెళ్ళి నా చోట కూర్చున్నాను. తెరిచి ఉన్న పేజీలో అక్షరాలున్నాయి గాని ఒక్కటీ లోపలికి పోలేదు. దిల్‌సుఖ్‌నగర్ పఠన మందిరంలో ఒక కుర్చీ ఖాళీగా ఉండటం మామూలు సంగతి కాదు. గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షలకూ చదివే పిల్లలు తలుపు తీయకముందే వచ్చి నిలబడతారు. నా పక్క కుర్చీలో నా సంచి ఉంది. కాలేజీ నుంచి ఆవిడ వచ్చేదాకా అది అక్కడ ఉండటం మా అలవాటు. ఒక అబ్బాయి వచ్చి, "అన్నా, గీ సీట్ల ఎవరన్నా ఉన్నరా?" అన్నాడు. "లేరు" అని సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ మాట నా నోటితో నేను అన్నాకే ఆవిడ పోయారని నాకు తెలిసింది.

మన పాఠకుల సంఘంలో చాలామంది ఆవిణ్ణి చూసే ఉంటారు. ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, స్టీలు సీసాలో మజ్జిగ, పెదవులు కదుపుతూ చదివే అలవాటు. పేరు తెలియనివారు 'వార్డెన్ ఆంటీ' అనేవారు. తెనాలి దగ్గర పల్లె వారిది. పిల్లలు లేరు. భర్త పోయాక ఈ నగరానికి వచ్చి చైతన్యపురి సందుల్లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెనుగా కుదిరారు. అక్కడే ఒక గది, అక్కడే భోజనం. అలాగే ఏళ్ళు గడిపేశారు.

నేను ఎల్.బి.నగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగులు చూస్తాను. మా నాయన నల్లగొండ పల్లె నుంచి లారీ క్లీనరుగా వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నాడు. నాకు దూరవిద్య డిగ్రీ ఉంది గాని, నా అసలు చదువు ఈ గ్రంథాలయంలోనే జరిగిందని చెప్పుకోవడం నాకు గర్వం. సాంఘిక శాస్త్రాల బీరువాలో నేను ముట్టని పుస్తకం లేదు. ఆ గర్వమే మా ఇద్దరినీ కలిపింది.

ఒకరోజు ఆవిడ కౌంటరు దగ్గరికి వచ్చి, "సోషల్ వర్క్ పుస్తకాలు ఎక్కడుంటాయండీ?" అని అడిగారు. అక్కడున్నాయన తలెత్తకుండానే, "సమాజ సేవనా? మహనీయుల జీవిత చరిత్రలల్ల చూడుండ్రి మేడం, ఆ కొసకు" అన్నాడు. ఆవిడ బుద్ధిగా వెళ్ళి ఆ అర మొత్తం చూసి తిరిగి వచ్చారు. "వీళ్ళందరూ పోయినవాళ్ళే కదండీ. బతికుండి చేసేవాళ్ళు చదివే పుస్తకం కావాలి" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. బీరువా కింది అరలో అట్ట ఊడిన ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఒకటి ఉందని నాకు తెలుసు. తీసి ఇచ్చాను. ఆవిడ నా పేరు అడిగి, "చాలా సంతోషం మల్లేశం గారూ" అన్నారు. ట్రాన్స్‌పోర్టులో నేను 'మల్లేషు', వాడకట్టులో 'మల్లన్న'. నన్ను గారూ అని పిలిచిన మనిషి ఈ నగరంలో ఆవిడొక్కరే.

ఆ పుస్తకం ఎందుకు కావాలో కొన్నాళ్ళకు చెప్పారు. ఏదో పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు హాస్టల్లో ఒక అమ్మాయి తనకు తాను హాని చేసుకోబోయింది. ఈవిడే చూసి, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. పిల్ల బతికింది. కానీ వార్డు తలుపు దగ్గర ఈవిణ్ణి ఆపేశారు. "మీరేమైతరు?" "వార్డెన్ని." "ఇంట్లవాళ్ళు వచ్చేదాంక బయట కూసోండి." ఆ పిల్ల లోపల ఒంటరిగా, ఈవిడ బయట ఒంటరిగా. ఇంతలో మెడలో కార్డు వేసుకున్న ఒక చిన్నపిల్ల ఎవరినీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. బయటికి వచ్చినప్పుడు ఈవిడ ఆపి, "నువ్వు డాక్టరువామ్మా?" అని అడిగారు. "కాదాంటీ, సోషల్ వర్కర్‌ని. ఎం.ఎస్.డబ్ల్యు. చేశాను" అందట.

"నాకు ఆ పిల్ల మీద ప్రాణం ఉంది మల్లేశం గారూ. ప్రాణం ఉంటే లోపలికి రానివ్వరు. చదువుంటే రానిస్తారు. నాకు ఆ చదువు కావాలండీ" అన్నారు ఆవిడ. ఎప్పుడో తెనాలిలో చేసిన బి.ఏ. ఆవిడకు ఉంది. కాబట్టి ఎం.ఎస్.డబ్ల్యు.కు దరఖాస్తు పెట్టవచ్చు. ఆనాటి నుంచి ఆవిడకు మరో ధ్యాస లేదు.

హాస్టల్ యజమాని యాదగిరి గారు నాదర్‌గుల్ వైపు పాతకాపు. మనసు మంచిదే, నోరే ఆగదు. "సేవ చేసేటందుకు డిగ్రీ ఎందుకమ్మా? పున్నానికి చేసేదానికి గూడ పరీక్షలా? గుళ్ళె చెప్పులు చూసుకునే కాడ నిలబడు, ఎంతైనా సేవ చేయనిస్తరు!" అని పిల్లలందరి ముందూ నవ్వించారట. ఆవిడ కూడా నవ్వారు. గ్రంథాలయానికి వచ్చాక మాత్రం చాలాసేపు పుస్తకం తెరవలేదు.

దరఖాస్తుతో పాటు అభ్యర్థి ఎలాంటి మనిషో చెప్పే ఉత్తరాలు రెండు కావాలన్నారు. ఒకటి హాస్టల్ పిల్లలకు వైద్యం చేసే పక్క వీధి డాక్టరమ్మ ఇచ్చింది. రెండోది ఇచ్చేవారు లేరు. "మీరు రాయండి" అన్నారు నాతో. నాకు ఒళ్ళు పులకరించింది. చదివిన పుస్తకాలన్నీ కలం చివర నిలబడ్డాయి. ముందు తెలుగులో రాసి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుందామని, కరుణామూర్తి, సేవాతత్పరురాలు, త్యాగశీలి, నిష్కామ సేవకు నిలువెత్తు నిదర్శనం అంటూ పేజీ నింపి ఇచ్చాను.

ఆవిడ పెదవులు కదుపుతూ చివరిదాకా చదివి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "నేను పోయానా ఏంటండీ?"

"అదేం మాటక్కా?"

"ఇవన్నీ పోయినవాళ్ళకి రాసే మాటలు మల్లేశం గారూ. పైన దండ ఒక్కటే తక్కువైంది" అని పకపకా నవ్వారు. అటు కూర్చున్న పిల్లలు 'ష్' అన్నారు. తర్వాత నా పెన్సిలు తీసుకుని సేవ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా గీత కొట్టారు. "సేవ దేవుడికి చేస్తాం, గురువుకి చేస్తాం. ఆ పిల్లకి నేను చేసేది సేవ అయితే ఆ పిల్ల నాకు దణ్ణం పెట్టాలి. నాకు దణ్ణాలొద్దు. ఇది పనండీ. సరిగ్గా చెయ్యకపోతే నిలదీసి అడిగేట్టు ఉండాలి" అన్నారు.

అన్నీ కొట్టేశాక మిగిలింది ఇంతే: 'మాట ఇస్తే నిలబెట్టుకుంటారు. తెలియనిది తెలియదని చెబుతారు. ఒకరు చెప్పింది మరొకరికి చెప్పరు.' నా పాండిత్యమంతా మూడు వాక్యాలైంది. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తుంటే ఆ పెద్ద మాటలు మళ్ళీ వరసగా వచ్చి నిలబడుతున్నాయి. అడ్డుచెప్పే మనిషి లేరు. అయినా నాకు వాటిని ముట్టుకోబుద్ధి కావడం లేదు.

మొదటి ఏడు సీటు రాలేదు. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన మర్యాదగానే, "ఈ వయసులో ఎందుకమ్మా?" అని అడిగారట. "చెప్పలేకపోయానండీ. ఏడుపొచ్చేసింది. వాళ్ళే మంచినీళ్ళిచ్చారు" అన్నారు మెట్రో స్టేషను మెట్ల దగ్గర. నగరం ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒక్కరే తిరిగి వచ్చిన ఆ ముఖం నాకింకా కనిపిస్తుంది. ఓదార్చడానికి ఏదో పుస్తకంలోది చెప్పబోయాను. "వద్దులెండి. వచ్చే ఏడు మళ్ళీ పెడతా" అన్నారు.

మరుసటి ఏడు పఠన మందిరం పిల్లలే గురువులయ్యారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పే చోట ఆవిణ్ణి బల్లకు అవతల కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవారు. "ఆంటీ, సీదా కూసోండి. జర నవ్వు మొఖం పెట్టుండ్రి. మీ వీక్‌నెస్ ఏంది?"

"నిద్ర నాయనా. కూర్చుంటే చాలు పట్టేస్తుంది."

"గట్ల చెప్తరా ఆంటీ! 'నేను ఎక్కువ కష్టపడుత, గదే నా వీక్‌నెస్' అనాలె!"

"అబద్ధాలు చెప్పడానికి కూడా కోచింగా నాయనా?"

ఈసారి ఇంటర్వ్యూలో మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. "ఈ వయసులో అయితే పెళ్ళి చేసుకుని మధ్యలో మానెయ్యమనేవాళ్ళు ఎవరూ ఉండరు కదండీ" అన్నారట. గదంతా నవ్విందట. తర్వాత వార్డు తలుపు సంగతి కన్నీళ్ళు లేకుండా చెప్పారు. సీటు వచ్చింది.

సీటుతో పాటు గూడు పోయింది. "పొద్దంత కాలేజీల ఉంటే పిల్లలను ఎవరు చూస్తరమ్మా, నా పరేషాన్ గూడ చూడు" అన్నారు యాదగిరి గారు. ఆయన మాటలో తప్పు లేదని ఆవిడే నాతో అన్నారు. కర్మన్‌ఘాట్‌లో మేడ మీద ఒక గది కిరాయికి తీసుకున్నారు. "ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు తలుపు కొట్టేవారండీ. కడుపు నొప్పనో, దిగులనో. ఇప్పుడు ఎవరూ కొట్టరు. అయినా ఆ వేళకి మెలకువ వచ్చేస్తోంది" అన్నారు ఒకసారి. తన ఒంటరితనం గురించి ఆవిడ నాతో అన్నది అదొక్కటే.

కాలేజీ మొదటిరోజు సంగతి మాత్రం ఎందరికి చెప్పారో లెక్క లేదు. ఆవిడ తరగతిలో అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారట. ఆవిడ వెళ్ళి చివరి బల్ల మీద కూర్చునేసరికి ఎవరికీ కూర్చోవాలో వద్దో తెలియలేదట. కార్డు ఇచ్చిన రోజు నేరుగా గ్రంథాలయానికి వచ్చారు. ఫొటోలో కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. మెడలోంచి తీయకుండానే నా ముందు పట్టుకుని, "ఇప్పుడు నన్ను ఆపరండీ" అన్నారు. ఆ రోజు మేమిద్దరం ఒక్క పేజీ చదవలేదు.

ఆ కార్డుతో ఆవిడ ఒక్క విద్యా సంవత్సరమైనా పూర్తి చేయలేదు. ఊరి నుంచి ఆవిడ మరిదిగారు, ఇంకొందరు బంధువులు వచ్చి దేహాన్ని తీసుకువెళ్ళారు. ఆసుపత్రి ఆవరణలో హాస్టల్ పిల్లలున్నారు, తరగతి పిల్లలున్నారు, యాదగిరి గారు తువ్వాలుతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నారు. నేను చెట్టు పక్కన నిలబడ్డాను. బండి కదిలేటప్పుడు మరిదిగారు అందరికీ చేతులు జోడించారు. ఆ అందరిలో నేనూ ఒకణ్ణి.

తుర్కయంజాల్ దాటాక దిక్కులేని ముసలివాళ్ళ ఆశ్రమం ఒకటి ఉంది. శిక్షణలో భాగంగా వారంలో రెండు రోజులు ఆవిడ అక్కడికి వెళ్ళేవారు. అక్కడ ఎంకమ్మ అనే పెద్దమ్మ రోజూ ఆవిడ కోసం అడుగుతోందనీ, తమకు చెప్పే ధైర్యం లేదనీ తరగతి పిల్లలు నాతో అన్నారు. నేను చెబుతానన్నాను. నిన్న వెళ్ళాను. ఎంకమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, దుఃఖం గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. పుట్టిన ప్రతి ప్రాణీ పోవలసిందేనన్నాను.

"ఆమె ఒస్తే నేను మాట్లాడేది బిడ్డా. నువ్వొస్తే నువ్వే మాట్లాడుతున్నవ్" అంది.

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా నాకు సరిగ్గా రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి ఆమే అడిగింది.

"ఇగ రాదా?"

"రాదమ్మా."

"మల్ల ఎవలనన్న పంపుతరా?"

"పంపుతరు. కాలేజీల శానమంది ఉన్నరు."

ఎంకమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, గోడకు మరింత ఆనుకుంది. "గట్లయితే గామెనే పంపుమను" అంది.

అలాంటి మాటకు ఏం జవాబు చెప్పాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అడిగి తెలుసుకోవడానికి నాకున్నది రాజ్యలక్ష్మి గారొక్కరే.