మద్దిచెట్ల ఆశన్న

ఎల్లారెడ్డి అడవి అంచున దసలి పట్టుపురుగులు పెంచే ఆశన్న మద్దిచెట్ల కిందికి ఏనాడూ చెప్పులతో వెళ్లలేదు, అక్కడ గొంతెత్తి మాట్లాడలేదు. ఒక చెట్టు ఆకు అయిపోతే, పురుగుల్ని చేత్తో ముట్టకుండా రెమ్మతో సహా కోసి, నిద్రపోయే పసిపిల్లను భుజం మార్చినట్టు పక్క చెట్టుకు మార్చేవాడు. అవి గూళ్లు కట్టాక మంచివి కొన్ని విత్తనానికి ఉంచేవాడు. తొలకరికి ఆ గూళ్లు చీల్చుకొని సీతాకోకలు వచ్చేవి. మగవి అడవిలోకి ఎగిరిపోయేవి. ఆడవాటిని నూలుపోగుతో చూరుకింద కడితే, తెల్లారేసరికి అడవి మగవి వచ్చి జతకట్టేవి.

యుద్ధం వచ్చింది. పెట్రోలు కరువై కామారెడ్డి బస్సు కట్టెబొగ్గు గ్యాసుతో నడవసాగాక, అడవిలో బొగ్గుబట్టీలు లేచాయి, మద్దిచెట్లు కూలాయి. ఆ ఏడు చూరుకింద ఆడవి రెక్కలు విప్పుకొని ఎదురుచూశాయి. ఒక్క మగదీ రాలేదు. మేసే నోరైనా లేని జీవాలు, గుడ్లు పెట్టి రాలిపోయాయి.

"గుడ్లయితే పెట్టినయి గద, పురుగులు బయటికొస్తయేమో," అంది భార్య లచ్చవ్వ.

"జత గూడక పెట్టిన గుడ్డు పురుగు గాదే," అన్నాడు ఆశన్న. అయినా వాటిని దొప్పలో పోసి, చీమలు పట్టకుండా రోజూ కాపలా కూర్చున్నాడు. గుడ్లు సొట్టలుపడి ఎండిపోయాయి. చివరికి లచ్చవ్వే పారబోసింది.

మర్నాడు అతను బట్టీ కూలికి పోయాడు. మేస్త్రీ చూపించిన చెట్టు మద్దే.

"ఏం జూస్తున్నవ్ ఆశన్నా? కొట్టు," అన్నాడు మేస్త్రీ.

ఆశన్న గొడ్డలి కింద పెట్టి, అందిన కొమ్మనల్లా వంచి ఆకుల అడుగున వెతికాడు. పురుగేదీ లేదు. గొడ్డలి అందుకున్నాడు.