పెద్దమ్మకు పెట్టించిన కాలు

పోయిన నెల ఒక పాత సర్టిఫికెట్ కోసం తిరుపతిలో నేను ఒకప్పుడు పనిచేసిన స్వచ్ఛంద సంస్థ ఆఫీసుకు వెళ్లాను. మెట్ల పక్క గోడమీద పెద్ద పోస్టరు. అందులో మేకల నడుమ నిలబడి నవ్వుతోంది పెద్దమ్మ. కృత్రిమ కాలు కనబడేలా చీర కొంచెం పైకి పట్టుకోమని ఆ రోజు ఆమెను అడిగింది నేనే. ఆమె ఎవరో తెలుసా అని ఆఫీసులో కూర్చున్న అమ్మాయిని అడిగాను. “తెలీదు మేడం. ఫొటో బాగుందని ప్రతి ఏడూ అదే వేస్తున్నాం” అంది.

పెద్దమ్మ నాకు చుట్టమేమీ కాదు. పాకాల అవతల బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే పల్లెలో మేకలు కాసుకునే మనిషి. రక్తపింజరి కరిస్తే, ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమై, ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. అప్పటినుంచి మేకలను కోడలు తోలుకుపోయేది. పెద్దమ్మ అరుగుమీద కూర్చుని, ఏ మేక ఎటు పోతుందో, దాన్ని ఎట్లా మళ్లించాలో చెబుతూ ఉండేది. మేకలకంటే కోడలే ఎక్కువ అలిసిపోయేది. అలాంటివాళ్లకు కాళ్లు పెట్టించే ప్రాజెక్టులో నేను ఫీల్డు వర్కర్ని. వెళ్లిన ప్రతిసారీ “కాలు పోయింది నాది. నీకేంది మే తొందర?” అనేది, ఆ వైపు ఆడపిల్లల్ని పిలిచే తీరులో. నాలుగు నెలలు తిరిగాక, నా మొహం చూసి జాలిపడే ఒప్పుకుందనుకుంటాను. క్యాంపులో ఆమె కాలికి పిండికట్టు చుట్టి అచ్చు తీస్తుంటే, “ఏమప్పా, నా మోకాలికి విగ్రహం చేస్తా ఉండారా?” అని అడిగి అక్కడున్నవాళ్లందరినీ నవ్వించింది.

కొత్త కాలితో ఇంటికి వచ్చిన వారానికి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బోరు దాకా నడిచి, బిందెడు నీళ్లు చంకనెత్తుకుని వచ్చింది. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. మిగిలిన నీళ్లలోంచి ఒక చెంబు ముంచి నాకే ఇచ్చింది. నేను ఏడ్చేశాను. మళ్లీ మేకల వెంట పోవడం మొదలుపెట్టింది. ఫొటో తీసింది అప్పుడే.

ఆ తరువాత నేను వెళ్లినప్పుడల్లా ఆమె కాలు తగిలించుకుని వాకిట్లో నిలబడే కనిపించేది. ఏడాది దాటాక ఒకరోజు చెప్పకుండా వెళ్లాను. అరుగుమీద కూర్చుని ఉంది. కాలు పక్కన పడి ఉంది. లోపల పాత చీరపేలికలు కుక్కి ఉన్నాయి. కొన్నాళ్లకు మొండికాలు సన్నబడి తొడుగు వదులవుతుందనీ, అప్పుడు కొత్త తొడుగు చేయించాలనీ మాకు శిక్షణలో చెప్పారు. ఆమెకు చెప్పడం నేను మరిచాను. పేలికలు ఒరుసుకుని పడిన పుండునుంచి వాసన వస్తోంది.

“ఎన్నాళ్లనుంచి పెద్దమ్మా? నాకెందుకు చెప్పలేదు?”

“నీళ్లు తెచ్చిన పొద్దు నువ్వు అంత సంబరపడితివే. ఎట్ల చెప్పేది మే?” అంది. చీర కుచ్చెళ్లు పుండుమీదికి లాక్కుని, “నువ్వొచ్చే రోజు మటుకు తగిలించుకుంటా ఉండినాను” అంది.

ఆఫీసులో అడిగితే ప్రాజెక్టు గడువు అయిపోయిందన్నారు. మరో జిల్లాలో క్యాంపు ఉందంటే ఉత్తరం రాశాను. ఒకసారి కాలు పొందినవారి పేరు మళ్లీ రాసుకోవడానికి వీల్లేదని జవాబొచ్చింది. పెద్దాస్పత్రిలో చూపిస్తే ఆమెకు చక్కెర జబ్బుందని తేలింది. పుండు మానలేదు. ఈసారి మోకాలి పైకి తీసేశారు. పాత కాలు ఇక దేనికీ పనికిరాలేదు. కోడలు మామిడిపండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. మేకలను అమ్మేశారు.

ఆస్పత్రిలో ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. “ఇంగ ఈ ఎండలో పడి రావద్దులే మే” అంది, అంతే. నేను ఆ మాటను ఆసరా చేసుకున్నాను. ముందు నెలకొకసారి వెళ్లాను, తరువాత పండగలకు, ఆపైన వెళ్లలేదు. ఆమె పోయిందని తెలిసింది కూడా ఆర్నెల్ల తరువాత, పాకాల స్టేషన్లో కోడలు ఎదురైతే. “నిన్ను అడగతానే ఉండె” అంది ఆ పిల్ల. రైలు వస్తోందని చెప్పి తప్పుకున్నాను.

మూడేళ్ల పనే కదా అని ఆ ఉద్యోగంలో చేరాను. ఆ పని అయిపోయి పన్నెండేళ్లు గడిచిపోయాయి, ఆ పల్లెవైపు పోయే బస్సు కనబడితే ఇప్పటికీ తల పక్కకు తిప్పుకుంటాను.