మేఘన వద్దంటే

ఒక్క ఇడ్లీతో ఆరేళ్ల పిల్ల మాట పోగొట్టిన ఘనుణ్ణి నేను. వింటే నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు ఫర్వాలేదు. అప్పట్లో మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

మేఘన మా తమ్ముడి కూతురు. ఏలూరులో అందరం ఒకే ఇంట్లో ఉంటాం. దానికి అన్నీ అర్థమవుతాయి గానీ నోటివెంట మాట రాదు. ట్యాబ్‌లో బొమ్మ మీద వేలు పెడితే ట్యాబ్ ఆ మాట పలుకుతుంది. అలా మాట్లాడటం నేర్పే మేడమ్‌గారు మొదటిరోజే చెప్పారు: "వస్తువుల పేర్లకి తొందర లేదండీ. ఇంకా, వద్దు, వెళ్దాం, ఇవ్వు... రోజంతా పనికొచ్చే మాటలు ముందు రావాలి. ఆటల్లో నేర్పండి. తను నొక్కిందంటే అది జరిగి తీరాలి."

పత్రికాఫీసులో జుట్టు నెరిసినవాణ్ణి, మాటలు నేర్పడం నాకొక లెక్కా అనుకున్నాను. మేఘనని దుప్పటి మీద కూర్చోబెట్టి హాలంతా లాగడం నా మొదటి ఆట. మధ్యలో ఆగేవాణ్ణి. అది "ఇంకా" నొక్కేది. లాగేవాణ్ణి. చూస్తుండగానే దానికి "ఇంకా" వచ్చేసింది, నాకు నడుము పోయింది. కొల్లేట్లో పడవని గుర్రపుడెక్కలోంచి ఈడ్చినా అంత ఆయాసం రాదు.

తర్వాతది "వద్దు". దుప్పటి బండి ఎక్కిన పిల్ల వద్దని ఎందుకంటుంది? ఆలోచించాను. మన గోదావరి వైపు ఆ మాట ఎక్కువగా వినబడేది ఎక్కడండీ? విస్తరి దగ్గర. అంతే, మర్నాడు పొద్దున్నే ఇడ్లీల గిన్నె పట్టుకుని వడ్డన ఆట మొదలెట్టాను.

కడుపు నిండాక ఇంకో ఇడ్లీ చూపించాను. ట్యాబ్ "వద్దు" అంది. నా సంతోషం చూడాలి. ఆ సంతోషంలో నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. "అయ్యో, అదేంటమ్మా, ఒక్కటే" అంటూ ఇడ్లీ వేసేశాను. మేం పెరిగిన తీరది. మొదటి వద్దు మర్యాద కింద పోతుంది, రెండోది మొహమాటం. విస్తరి మీద అడ్డంగా పడుకుంటే తప్ప మాకు వినబడదు. మేఘన మళ్లీ నొక్కింది. నెయ్యి కూడా వేశాను.

అది చెడిపోయిన స్విచ్‌ని చూసినట్టు ట్యాబ్‌ని చూసి, బోర్లా పెట్టి, కంచం విసిరేసింది.

"బావగారూ, పిల్ల వద్దంది కదండీ," అంది మేఘన తల్లి, మా మరదలు మాధవి.

"మొహమాటపడుతోందనుకున్నానమ్మా."

"దానికి ఆ విద్య ఇంకా నేర్పలేదండీ."

ఇక మేఘన ట్యాబ్ ముట్టుకోలేదు. ఏదైనా నచ్చకపోతే మునుపటిలా చెయ్యి కొరుక్కోవడమే. ఆ పంటిగాట్లకి మాధవి కొబ్బరినూనె రాస్తుంటే నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఒక్క ముక్క చదివితే ఒట్టు.

మేడమ్‌గారు అంతా విని, "తనకి నచ్చని పని ఒకటి చేయండి, వద్దనగానే ఆపేయండి. మీరు పాడతారా అండీ?" అన్నారు.

"బావగారు పాడితే మేమంతా నొక్కుతామండీ," అంది మాధవి.

పాడాను. మేఘన చెవులు మూసుకుంది. మాధవి తన వేలితో "వద్దు" నొక్కి చూపించింది. రాగం మధ్యలో ఆగిపోయాను. మళ్లీ ఎత్తుకున్నాను. మేఘన అనుమానంగా నా వైపు చూసి, మెల్లగా వేలు పెట్టింది. "వద్దు." తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాను. నా నోట్లోకి తొంగిచూసి కిలకిలా నవ్వింది. సాయంత్రందాకా పాడించి ఆపించింది. ఆ రోజునుంచి మా ఇంట్లో దాని వద్దుకి తిరుగులేదు.

ఆ తర్వాత తాడేపల్లిగూడెంలో మాధవి అక్కగారి గృహప్రవేశం. భోజనాల్లో నా పక్కన మేఘన. అక్కగారే వేడివేడి బూరెలు వడ్డించడానికి వచ్చారు.

"వేయించుకోండి అన్నయ్యగారూ."

"అబ్బే, వద్దండీ."

"ఒక్కటండీ."

"వద్దు వద్దు," అన్నాను, చెయ్యి కాస్త పక్కకి జరుపుతూ.

మేఘన ఆవిడ వైపు కోపంగా చూసి, సౌండు పెంచి మరీ నొక్కింది. "వద్దు."

పిల్ల సంగతి తెలిసిన మనిషి. బూరె గాల్లోంచి వెనక్కి తీసుకుని పక్క విస్తరికి వెళ్లిపోయారు. పెదనాన్నని గండం గట్టెక్కించినట్టు మేఘన నా వీపు తట్టింది. అబద్ధమాడానని ఆ పిల్లకి ఏ ముఖంతో చెప్పను?

కాబట్టి అందరి ఎదుటా ఇదే నా ప్రతిజ్ఞ: తినాలని ఉన్నదాన్ని ఈ జన్మలో వద్దనను. కనీసం మేఘన పక్కనున్నప్పుడు.