రుతుపవనాల పాఠం, వెనకబెంచీలో పెద్దసారు

ఆ కాలంలో హెడ్మాస్టరు క్లాసులోకి వస్తున్నారంటే పిల్లలకంటే ముందు మా సార్లకే చెమటలు పట్టేవి. తనిఖీ అంటే తిట్లే. ఇంకో రకం కూడా ఉంటుందని మాకు తెలియదు. డెబ్బైల చివర్లో హనుమకొండ సర్కారు బడిలో నేను కొత్తగా చేరిన సోషల్ సారును. ప్రొబేషన్ ఇంకా తీరలేదు. తీరకపోతే తన మిర్చి దుకాణంలో కూర్చోబెట్టాలని వరంగల్లో మామయ్య కాచుకుని ఉన్నాడు (మిర్చి ఘాటు తగిలితే నాకు తుమ్ములు ఆగవు, అదొక భయం).

మా హెడ్మాస్టరు, అదే పెద్దసారు, సంగతి వేరు. వెనకబెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని పాఠం వినేవారు. అయ్యాక చాయ్‌కి తీసుకుపోయి మన చేతనే మాట్లాడించేవారు. "ఆయన తిట్టడు భాయ్, గదే పరేషాన్. నువ్వే చెప్పాలె, ఆయన ఊ కొడ్తడు" అని ఉర్దూ సారు నన్ను ముందే భయపెట్టాడు.

నా వంతు వానాకాలంలో వచ్చింది. పాఠం నైరుతి రుతుపవనాలు. బోర్డు మీద బాణాలు గీస్తూ, అరేబియా సముద్రం మీదుగా గాలులను తోలుకొస్తున్నాను. కిటికీల్లో వెలుతురు మెల్లగా తగ్గింది. ఎక్కడినుంచో మట్టివాసన వచ్చింది. పెంకుల మీద మొదటి చినుకులు టపటపమన్నాయి. క్లాసు మొత్తం కలలోకి జారుకున్నట్టు కిటికీల వైపు తిరిగిపోయింది. "ఇటు చూడుండ్రి! వానెట్లొస్తదో బోర్డు మీద చూడుండ్రి!" అని బల్ల చరిచి అరిచాను. వాన నాకంటే గట్టిగా అరిచింది. దిక్కుతోచక పెద్దసారు వైపు చూస్తే, ఆయనా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచే చూస్తున్నారు! ఇక మిర్చి దుకాణమే గతి అనుకున్నాను.

హోటల్లో ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ అడిగారు.

"ఎట్లనిపిచ్చింది?"

"పిల్లలు వినలే సార్."

"ఊఁ. మరేం జేసిండ్రు?"

"వాన జూసిండ్రు సార్."

"ఊఁ. నువ్వేం జెప్పినవ్?"

"వాన గురించే..."

అక్కడ ఆగిపోయాను. చాయ్ ముక్కులోకి పోయేంత నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. తర్వాత రోడ్డు మీద పారుతున్న నీళ్లను చూస్తూ, "నేనే లేచి పిలగాండ్లను వరండాలకు తీస్కపోదామనుకున్న. కని పాఠం నీదాయె, గట్లనే కూసున్న. మంచిగ జేసిన్నో లేదో, జర ఆలోచన జెయ్యాలె" అన్నారు. పెద్దసార్లు కూడా తమ పని గురించి అలా ఆలోచించుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు వానను చూపిస్తూనే పాఠం చెబుదామని క్లాసునంతా వరండాలోకి తీసుకొచ్చాను. ఆకాశం కడిగిన పలకలా ఉంది. ఒక్క మబ్బు లేదు. లోపలికి తిరిగి పోవడానికి మొహం చెల్లక అందరం తలలెత్తి కూర్చున్నాం. కాసేపటికి పెద్దసారు తన కుర్చీ తెచ్చి పక్కన వేసుకుని తనూ పైకి చూడసాగారు.

"సార్, అగో, గది మబ్బేనా?" అని ఓ పిల్ల అడిగింది.

"కొంగ" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

అందరం మళ్లీ మబ్బు కోసం వెతికాం. ఎవరికీ తొందర లేదు.

ప్రొబేషన్ తీరింది. మామయ్య మాత్రం చాలా రోజులు ముఖం ముడుచుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత, మెడ నొప్పెట్టేలా ఖాళీ ఆకాశంలో వానను వెతుకుతున్న ఆ కుర్ర సారును తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ పూట పిల్లలకు ఏం నేర్పావని అడిగితే ఏం చెప్పేవాడో! పాపం, సంతోషంగా మాత్రం ఉన్నాడు.